అలాస్కా ఫెర్రీలో ముత్తైదువ భోజనం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా కాలేజీ హాస్టల్లో ఒకమ్మాయి ఉండేది. వారానికొక దయ్యాన్ని చూసి వచ్చేది. ఎవరైనా భయపడితే ఆమెకు పండగ. నేను మాత్రం "వస్తూ వస్తూ ఆ దయ్యాన్ని నా బకెట్ కూడా నింపి పెట్టమను" అనేదాన్ని. ఇప్పుడు సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. నమ్మకపోవడమే నా ఉద్యోగం. ఏదో జరిగిందని ఎవరైనా చెబితే, మళ్ళీ ఒకసారి జరిపించి చూపించండి అంటాను.

కాబట్టి ఇది చదివి నన్ను కూడా ఆ హాస్టల్ అమ్మాయి లెక్కలో వేసుకుంటే నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

నేను మా ఆయన కిరణ్‌కు రెండో భార్యను. ఆయన మొదటి భార్య రజిత కేన్సర్‌తో పోయింది. వాళ్ళకు ఒక్కతే కూతురు, మేఘన. నేను ఆ ఇంటికి వచ్చేనాటికి మేఘన ఒకటో తరగతిలో ఉంది. ముందు పళ్ళు ఊడిపోయి, మాట్లాడితే సగం గాలే వచ్చేది. నన్ను 'పిన్ని' అని పిలవమని మా అత్తగారు చెప్పారు. కొన్నాళ్ళు ఏమీ పిలవలేదు. ఒకరోజు స్కూల్ బస్ దిగి, జడ ఊడిపోయిందని ఏడుస్తూ "పిన్నీ" అంటూ వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఆ పిల్లకు పిన్నినే, ఇంక వేరే ఏమీ కాదు.

మా అత్తగారింటి పద్ధతి ప్రకారం నేను ఏ కొత్త చీర కట్టుకున్నా ముందు రజిత ఫోటో దగ్గర పెట్టి, ఆమెకు చూపించి కట్టుకోవాలి. ఇది విన్నవాళ్ళు నా మీద జాలిపడతారు. నాకెప్పుడూ బాధనిపించలేదు. ఆమె ఇల్లు, ఆమె కూతురు, వంటింట్లో ఆమె కొన్న గిన్నెలు. చీర ఒకసారి చూపిస్తే నా సొమ్మేం పోయింది?

నన్ను బాధపెట్టింది బతికున్న మనిషి. మా ఆడపడుచు, శైలజ వదిన. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటుంది. పెద్ద ఇల్లు, పిల్లల్లేరు. రజితది వరంగల్ వైపు. కిరణ్ ఆమెను ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడని, గుంటూరులో పిల్లలే కరువైనట్టు ఎక్కడి నుంచో తెచ్చుకున్నాడని వదినకు చివరిదాకా కోపం. రజిత మాట్లాడే తీరును ఆమె ముందే వెక్కిరించేదట. పోయిన తర్వాత మాత్రం రజిత ఒక్కసారిగా దేవతైపోయింది. నేను పప్పు చేస్తే "మా రజిత చేస్తేనా" అనేది. మేఘనకు జ్వరం వస్తే "కన్నతల్లి ఉంటేనా" అనేది.

ఆ ఏడాది వేసవికి ముందు వదిన ఒక నిర్ణయం తీసుకుంది. మేఘనను తనతో ఫ్రిస్కో తీసుకుపోతుందట. అక్కడ స్కూళ్ళు బాగుంటాయట, తనకు ఖాళీ ఉంటుందట, సవతి తల్లి చేతిలో పిల్ల ఎన్నాళ్ళుంటుంది అట. "రేపు నీకు నీ పిల్లలు పుడితే దీన్నెవరు చూస్తారు?" అని నన్నే అడిగింది. మా ఆయన "చూద్దాంలే అక్కా" అన్నాడు. మా ఇంట్లో 'చూద్దాంలే' అంటే ఒప్పుకున్నట్టే. నాకు ఆ పిల్ల మీద కాగితం ప్రకారం ఏ హక్కూ లేదు. గొంతు చించుకుంటే సవతి తల్లి బుద్ధి బయటపడింది అంటారు, నోరు మూసుకుంటే పిల్ల పోతుంది.

అప్పుడే ఈ ఫెర్రీ ప్రయాణం అనుకున్నారు. తీసుకెళ్ళే ముందు పిల్ల సరదా తీర్చాలని వదినే బుక్ చేసింది. బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే కెనడా తీరం వెంబడి పోయి అలాస్కాలో కెచికన్‌లో దిగుతాం. అక్కడ కొన్ని రోజులుండి, విమానంలో సియాటిల్ వచ్చి, అక్కడి నుంచి వదినా మేఘనా ఫ్రిస్కో వెళ్ళిపోతారు. నేను పిల్ల బట్టలు రెండు సూట్‌కేసుల్లో సర్దాను. ఒకటి ప్రయాణానికి, ఒకటి ఫ్రిస్కోకి. రెండోది సర్దుతున్నప్పుడు వదినకు ఏదైనా చెడు జరగాలని మనసారా కోరుకున్నాను. ఆ విషయం దాచుకోవాల్సిన అవసరం నాకు కనబడటం లేదు.

ఈ ఫెర్రీ టూరిస్టుల క్రూయిజ్ లాంటిది కాదు. పై డెక్ మీద జనం సొంత టెంట్లు వేసుకుంటారు. గాలికి ఎగిరిపోకుండా వాటిని టేపుతో డెక్‌కు అంటిస్తారు. వెనకవైపు గాజు కప్పు కింద వాలుకుర్చీలు వరసగా ఉంటాయి, పైన ఎర్రగా కాలే హీటర్లు. ఒక పక్కంతా తెరిచే ఉంటుంది. మేఘనకు టెంట్ కావాలి కాబట్టి మేం ముగ్గురం టెంట్‌లో. అత్తయ్య, వదిన కింద కేబిన్‌లో.

మా పక్కన వాలుకుర్చీలో ఒక అమెరికన్ ఆవిడ ఉండేది. పేరు ఎలెన్. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, ఊదారంగు జాకెట్, చిన్నగా కత్తిరించిన తెల్లజుట్టు. రిటైరైన స్కూల్ టీచరట. భర్త టామ్ ఎప్పుడూ బైనాక్యులర్స్ పట్టుకుని రెయిలింగ్ దగ్గరే ఉండేవాడు. ఎక్కిన సాయంత్రమే మేఘన ఆమెతో పేకాట మొదలుపెట్టింది.

రజిత తిథి ఆ రోజుల్లోనే వచ్చింది. పుణ్యస్త్రీగా పోయిన మనిషి కాబట్టి ఏటా ఆ తిథికి ఒక ముత్తైదువను పిలిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చీర పెట్టి, ఆమె ఇష్టపడిన వంటలతో భోజనం పెడతారు. ఆ పూట ఆ ముత్తైదువే పోయిన మనిషి అన్న లెక్క. చివర్లో ఆమె చేత అక్షింతలు వేయించుకుంటారు. అమెరికాలో దీనికి ఎవరూ సులువుగా ఒప్పుకోరు. 'మా ఆయన వద్దన్నారండీ' అంటారు. అంతకుముందు ఏడాది అత్తయ్య సగం రెడ్‌మండ్‌కు ఫోన్ చేశారు.

అత్తయ్య దగ్గరున్న పంచాంగం ప్రకారం తిథి మేం కెచికన్‌లో దిగే రోజు. అక్కడ అద్దె ఇల్లు తీసుకున్నాం, ఆ ఊళ్ళో ఒక తెలుగు డాక్టర్ దంపతులున్నారని కనుక్కుని వాళ్ళను పిలిచాం. సామానంతా ఐస్ పెట్టెలో పెట్టుకుని బయల్దేరాం. ఇండియన్ స్టోర్లో గడ్డకట్టించి అమ్మే అరిటాకులతో సహా. తీరా రెండో రోజు పొద్దున, కెనడా వైపు ఏదో ఊరు దాటుతుంటే కాసేపు సిగ్నల్ వచ్చింది. పంతులుగారి మెసేజ్ దిగింది. ఇండియా పంచాంగం చూడకండి, మనకు ఇక్కడి టైమ్ ప్రకారం తిథి ఇవాళే, రేపు పొద్దుటికి దాటిపోతుంది అని. కిరణ్ పెట్టాల్సిన తద్దినం తంతు ఇంటికొచ్చాక చూసుకోవచ్చుగానీ, ముత్తైదువ భోజనం మాత్రం తప్పించొద్దన్నారు.

అత్తయ్య మంచం మీద కూలబడ్డారు. ఆవిడ ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్న తప్పే ఇది, అక్కడి పంచాంగం పట్టుకుని ఇక్కడ బతకడం. కానీ ఆ పూట ఎవరినీ అనేందుకు లేదు. కేబిన్‌లో ప్లగ్ ఉంది కదా అని రైస్ కుక్కర్ పెట్టాను. రూల్స్ ప్రకారం పెట్టొచ్చో లేదో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ముద్దపప్పు, అన్నం అందులోనే. పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగు, బొబ్బట్లు ముందే ఉన్నాయి.

ముత్తైదువ ఎవరు? అత్తయ్యకు భర్త లేరు. వదిన ఇంటి ఆడపిల్ల. నేను సవతిని. పడవంతా తిరిగినా బొట్టు పెట్టుకున్న మొహం ఇంకొకటి లేదు. మేఘన "ఎలెన్ ఆంటీ is married" అంది.

వదిన పకపకా నవ్వింది. "తెల్లదానికి తాంబూలమా? ఊళ్ళో తెలిస్తే నవ్విపోతారమ్మా."

"భర్త ఉన్నాడా లేడా?" అన్నారు అత్తయ్య.

"ఉన్నాడు. బర్డ్స్ చూస్తున్నాడు" అంది మేఘన.

"అయితే ముత్తైదువే. నువ్వెళ్ళి అడుగు" అన్నారు నాతో.

ఎలెన్‌కు నేను ఉన్నదున్నట్టే చెప్పాను. మేఘన వాళ్ళమ్మ పోయిన రోజు, ఆమె పేరు మీద ఒక పెళ్ళయిన ఆవిడకు భోజనం పెడతాం, కొన్ని పద్ధతులుంటాయి అని. ఆమె మేఘన వైపు చూసి, "ఐ వుడ్ బి ఆనర్డ్" అంది. సాక్స్ విప్పి కాళ్ళకు పసుపు రాస్తుంటే చక్కిలిగిలి పుట్టి నవ్వింది. నుదుట బొట్టు పెట్టాను. గాజులు ఆమె చేతికి ఎక్కలేదు, పక్కన పెట్టాం. గాజు కప్పు కింద, డెక్ మీద దుప్పటి పరిచి అరిటాకు వేశాం. బయట సన్నగా వాన. రెండు వైపులా చెట్లతో నిండిన కొండలు, ఒక్క ఇల్లు లేదు. జనం చాలామంది లంచ్‌కని కేఫెటేరియాకు వెళ్ళారు. మా ఆయన కూడా టామ్‌ను తీసుకుని అక్కడికే వెళ్ళాడు, ఆడవాళ్ళ తంతులో తనకేం పని అని.

మొదలుపెట్టే ముందు వదిన మేఘనను కిందికి తీసుకెళ్ళి కేబిన్‌లో పడుకోబెట్టి వచ్చింది. ఇవన్నీ చూస్తే పిల్ల మళ్ళీ తల్లి మీద బెంగ పెట్టుకుంటుందట. వాళ్ళమ్మ పేరు మీద భోజనం, వాళ్ళమ్మ కూతురే ఉండకూడదట. నాకు నోటిదాకా వచ్చింది. అత్తయ్య మొహం చూసి మింగాను.

వడ్డన వదినదే. ఎలెన్‌కు స్పూన్ ఇస్తే వద్దంది, మీరు తిన్నట్టే తింటానంది. పాపం మొదట్లో సగం మెతుకులు జాకెట్ మీదే. పప్పన్నం అలాగే తిన్నది. గోంగూర వేశాక, నేను నీళ్ళ గ్లాసు నింపి తలెత్తి చూస్తే ఆమె వేళ్ళు తడబడటం లేదు. అన్నం గట్టిగా పిసికి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తోస్తోంది. తల వంచుకునే ఉంది. భలే తొందరగా నేర్చుకుందే అనుకున్నాను, అంతే.

అత్తయ్య అన్నారు, "శైలూ, పిల్లను పైకి పిలవ్వే. అక్షింతలు వేయించుకోవాలి కదా."

వదిన పెరుగు గిన్నెతో వంగి వడ్డిస్తోంది. "పడుకుందమ్మా. ఇప్పుడే నిద్రపట్టింది. లేపొద్దు" అంది.

"మళ్ల పండుకున్నదనే చెప్తవా వదినె?"

ఈ మాట విన్నాను. గొంతు పెద్దది కాదు. ఏడుపు లేదు, అరుపు లేదు. బాగా నీరసించిన మనిషి, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగినట్టు ఉంది. ముందు అత్తయ్య అన్నారేమో అనుకున్నాను. అత్తయ్య ఎందుకంటారు, ఆమె కూతుర్ని వదినె అని? మా ఇంట్లో ఆ యాసలో మాట్లాడే మనిషి ఎవరూ లేరు. అత్తయ్య కళ్ళు ఎలెన్ మీద ఉన్నాయి. వదిన కళ్ళు కూడా. ఎలెన్ పెదాలు ఆ మాట చివరన ఇంకా కొద్దిగా తెరుచుకునే ఉన్నాయి.

వదిన చేతిలోంచి గిన్నె జారిపోయింది. పెరుగంతా ఎలెన్ ఒళ్ళో పడింది. స్టీలు గిన్నె డెక్ మీద దొర్లుకుంటూ పోయి ఎవరి టెంట్‌కో తగిలి ఆగింది. ఎలెన్ ఉలిక్కిపడి, "ఓ, ఐయామ్ సో సారీ, నా చెయ్యి తగిలిందా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. అది ఆమె గొంతే, నిన్నటి నుంచీ విన్న గొంతు.

నేను పెరుగు తుడిచాను. అత్తయ్య లోగొంతుతో "కానివ్వండి, మధ్యలో ఆపకూడదు" అన్నారు. చీర, తాంబూలం చేతికిచ్చాం. అక్షింతలు ఎలా వేయాలో చూపించాను. మా ఇద్దరిలో పెద్దదని ముందు వదిన వంగింది. ఎలెన్ పిడికిలి ఆమె తల మీద పెట్టింది. పిడికిలి తెరుచుకోలేదు. ఒక్క గింజ కూడా రాలలేదు. ఎలెన్ ఇబ్బందిగా నవ్వి, కీళ్ళ నొప్పులు, ఒక్కోసారి చలికి వేళ్ళు ఇలాగే బిగుసుకుపోతాయి అంది. వదిన అలాగే కాసేపు వంగి ఉండి, లేచి పక్కకు వెళ్ళిపోయింది. నేను వంగాను. నా తల మీద గింజలు పడ్డాయి.

అంతలో మెట్ల తలుపు తోసుకుని మేఘన వచ్చింది, కాళ్ళకు చెప్పులు లేకుండా. "అత్తా, can I come now? I'm not even sleepy." ఎలెన్ రమ్మని చెయ్యి చాపింది. పిల్ల వంగగానే ఆ పిడికిట్లో మిగిలినవన్నీ జుట్టు నిండా రాలిపోయాయి. నేను అవి దులపలేదు.

మా ఆయన తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఏమైందని అడిగితే అత్తయ్య "పెరుగొలికింది" అన్నారు.

వదిన ఆ మధ్యాహ్నం కేబిన్‌కు వెళ్ళి నిముషాల్లో మళ్ళీ పైకి వచ్చింది. "ఎవరిదో ఫోన్ మోగుతోంది, వీడియో కాల్. ఎవరూ తీయరేం?" అంది. పొద్దున ఆ ఊరు దాటాక ఎవరికీ సిగ్నల్ లేదు. ఆమె ఫోన్ ఆమె చేతిలోనే ఉంది, స్క్రీన్ నల్లగా. ఆ తర్వాత కేబిన్‌లోకి వెళ్ళనంది. వాలుకుర్చీలో కూర్చుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, గబుక్కున లేస్తుంది. కెచికన్‌లో దిగేటప్పటికి ఆ మనిషి మొహం చూడాల్సిందే.

కెచికన్‌లో వాన. బొమ్మల చొక్కాలమ్మే షాపులో మా ఆయనా మేఘనా తిరుగుతుంటే, బయట చూరు కింద అత్తయ్యను నిలబెట్టి అడిగాను. 'మళ్ల' అంటే ఏంటి అత్తయ్యా, ఇంతకుముందు ఎప్పుడు చెప్పింది?

ఆవిడ నీళ్ళు కారే చూరును చూస్తూ చెప్పారు. రజిత ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు పిల్లను చూసుకోవడానికి వదిన మేఘనను ఫ్రిస్కో తీసుకెళ్ళింది. అత్తయ్య కూడా అక్కడే ఉన్నారు. ఆస్పత్రి నుంచి కిరణ్ వీడియో కాల్ కలిపి ఇచ్చేవాడు. రజిత బిడ్డను చూపించమనేది. వదిన ప్రతిసారీ పడుకుంది అనేది.

"పొద్దునా అదే, మధ్యాహ్నమూ అదే" అన్నారు అత్తయ్య. "పిల్ల తల్లిని అలా చూస్తే భయపడుద్దే అమ్మా అనేది నాతో. రజిత ఏమీ అనేది కాదు. 'సరే వదినె, లేవనియ్యి, మళ్ల చేస్త' అని పెట్టేసేది. ఒకరోజు ఇంక చెయ్యలేదు."

"మీరు పక్కనే ఉన్నారు కదా, మీరేం చేశారు?"

అత్తయ్య కొంగు భుజం మీదికి లాక్కున్నారు. ఆవిడంటే నాకు గౌరవం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ క్షణంలో ఆమెను ఆ వానలోనే వదిలేసి పోవాలనిపించింది. చివరిసారి బిడ్డ మొహం చూడాలనుకున్న మనిషికి పడుకుంది అని చెప్పి పిల్లను దాచేసిన చేతులు, ఇప్పుడు ఆ బిడ్డనే తీసుకుపోవడానికి సూట్‌కేసు సర్దించాయి.

సర్దించిన సూట్‌కేసు మాత్రం ఫ్రిస్కో వెళ్ళలేదు. సియాటిల్ ఎయిర్‌పోర్ట్‌లో, ఎవరూ అడగకముందే, "పిల్ల నీ దగ్గరే ఉండనీ" అంది వదిన. నా మొహం చూడలేదు, మేఘన మొహం అసలే చూడలేదు. ఇంటికి రాకుండా అక్కడి నుంచే టెక్సస్ ఫ్లైట్ ఎక్కేసింది. ఆ రోజు కార్లో మేఘన నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే, నేను సంతోషంతో ఏడ్చాను.

తర్వాత నా ఉద్యోగ బుద్ధి ఊరుకోలేదు. ఎలెన్ నంబర్ తీసుకున్నాను కాబట్టి ఫోన్ చేశాను. ఆమెకు అన్నీ గుర్తున్నాయి. పసుపు అంటి సాక్స్ పాడైపోయాయట, చీరను కిటికీకి తెరలా కట్టుకుందట. ఇండియా ఎప్పుడూ వెళ్ళలేదు, తెలుగు అనే భాష ఉందని మేఘన చెబితేనే తెలిసిందట. భోజనం చేస్తూ ఏమైనా మాట్లాడారా అంటే లేదంది, ఆకలేసి తల వంచుకుని తిన్నానంది. ఇంకో మాట కూడా చెప్పింది. తింటుండగా ఉన్నట్టుండి విపరీతమైన కోపం వచ్చిందట. ఎవరి మీదో తెలియదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో టామ్ మీద కూడా అంత కోపం రాలేదట. గిన్నె కింద పడగానే పోయిందట.

ముగ్గురం కలిసి భ్రమపడ్డామా? నాకు ఆ 'పడుకుంది' కథే తెలియనప్పుడు, ఆ మాటనే నేనెలా ఊహించుకుంటాను? రజిత గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇంటికొచ్చాక మేఘన పుట్టినరోజు వీడియో ఒకటి వెతికి పెట్టుకున్నాను. "కేక్ కట్ చెయ్ బిడ్డ" అంటుంది అందులో. ఒకటే గొంతు అని ఒట్టు పెట్టి చెప్పలేను. కాదనీ చెప్పలేను.

వదినకు అప్పటి నుంచి నిద్ర లేదు. ఇది మాటవరసకు అనడం కాదు. డాక్టర్లు తలకు వైర్లు పెట్టి పరీక్షలు చేశారు, మాత్రలు మార్చారు. కళ్ళు మూతపడితే చాలు ఫోన్ మోగుతుందట. ఫోన్ ఇంట్లో లేకుండా కార్లో పెట్టి వచ్చినా మోగుతుందట. మా ఆయన ఈ కథంతా విన్న తర్వాత చాలాకాలం అక్కతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, తోబుట్టువు కదా. మనసులో ఉన్న తప్పే నిద్ర చెడగొడుతోంది, ఇందులో వింతేముంది అంటాడు. కావచ్చు. అదే నిజమైతే ఆ తప్పు అంతకుముందు అన్నేళ్ళూ ఆమెను హాయిగా నిద్రపోనిచ్చింది. నాకు ఆమె మీద జాలి లేదు. తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

మొన్నామధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టలేనట్టు ఉంది. "దాని చేత ఒక్క మాట చెప్పించవే. క్షమించానత్తా అంటే చాలు. దండం పెడతా" అంది.

మేఘన నా ఎదురుగా టేబుల్ దగ్గర స్కూల్ ప్రాజెక్టుకు అట్టముక్కలు కత్తిరిస్తోంది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, అత్త నీతో మాట్లాడతానంటోంది, ఆస్పత్రి రోజుల గురించి సారీ చెబుతుందట అన్నాను. ఆ ఫోన్ల సంగతి పిల్లకు మేమెవరమూ చెప్పలేదు.

మేఘన కత్తెర ఆపలేదు. "నేను sleep అవలేదు పిన్నీ" అంది. "Every time. అత్త, కళ్ళు మూసుకో అని చెప్పింది. మూసుకున్నా. అమ్మ వాయిస్ విన్నా. నన్ను అడిగింది."

"ఎవరికైనా చెప్పావా ఇది? ఎలెన్ ఆంటీకి?"

"No. Nobody. If I told, అమ్మకి తెలిసిపోతుంది కదా, నేను లేచే ఉన్నానని." అప్పుడు కత్తెర కింద పెట్టింది. "మాట్లాడాలా?"

"అక్కర్లేదమ్మా" అన్నాను.

ఆ డెక్ మీద మాట్లాడింది ఎవరో నేను ఈ రోజుకీ చెప్పలేను. పిల్ల మెలకువగానే ఉందన్న సంగతి ఆ గొంతుకు ఎలా తెలిసిందో అంతకన్నా చెప్పలేను. ఎవరైనా చెప్పగలిగితే వింటాను. కానీ ఆ ఆదివారం నేను చెయ్యి తీసి ఫోన్‌లో అన్న మాటకు ఏ దయ్యం పూచీ లేదు. అది పూర్తిగా నాదే.

"మేఘన మేలుకునే ఉంది వదినా" అన్నాను. "మాట్లాడనంటోంది."